రీమ్యాప్‌కి ఇద్దరిలో ఏ ట్యూనర్? తేల్చుకోలేకపోతున్నాను

మూడోగేరు:
నమస్తే అందరికీ. పొద్దున్నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ కారు, 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్), పవర్ 192 పీఎస్. స్టేజ్ 1 రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఫైల్ మార్చి పవర్ పెంచడం) చేయించాలి. ఇద్దరు ట్యూనర్లు దొరికారు. మొదటివాళ్లది రెడీమేడ్ ఫైల్. గంటలో అయిపోతుందట, 240 పీఎస్ పవర్, 370 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) అని చార్ట్ కూడా పంపారు. రెండో ఆయన ఒక్కడే పనిచేస్తాడు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి నా బండికే ఫైల్ రాస్తానంటున్నాడు, రోజంతా పడుతుందట. పవర్ ఎంత పెరుగుతుందని అడిగితే "ముందు లాగ్ చూడాలి" (బండి నడిచేటప్పుడు రికార్డయ్యే ఇంజిన్ రీడింగులట) అంటాడే తప్ప అంకె చెప్పడు. అంకె కూడా చెప్పనివాడికి బండి ఎలా అప్పగించను? ఎక్కడ చదివినా ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు తిడతారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక్క ముక్కలో చెప్పండి, ప్లీజ్.

కొలతబద్ద:
గేర్‌బాక్స్ ఏది?

పాతపానా:
ట్యూనర్ సంగతి తర్వాత చూద్దాం. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? ఎవరూ ఇది ముందు అడగరు, అదే నా బాధ. రీమ్యాప్‌లో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు గ్యాప్‌లో నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. వాడిన ప్లగ్గుల్లో గ్యాప్ అరిగి పెద్దదవుతుంది. అంటే కష్టం రెండు వైపుల నుంచీ పెరుగుతుందన్నమాట. మామూలుగా బాగానే నడిచే బండి రీమ్యాప్ తర్వాత లోడ్ పడగానే మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) అవుతుంది, తిట్లు మాత్రం ట్యూనర్‌కి పడతాయి. ప్లగ్గులకు వోల్టేజ్ ఇచ్చే కాయిల్స్ కూడా చూపించండి. ఆయిల్ కూడా కొత్తది పోయించండి. ఇవేవీ చేయకుండా ఫైల్ ఎక్కించడం మాత్రం వద్దు.

మూడోగేరు:
సర్వీస్ అంతా టైమ్‌కే చేయిస్తున్నానండీ. నా ప్రశ్న ట్యూనర్ గురించి. ఇంకోటి, మొదటివాళ్లు 91 ఆక్టేన్ ఫైల్, 93 ఆక్టేన్ ఫైల్ అని రెండు ఇస్తారట. నేను పోసేది 95 పెట్రోల్, కాబట్టి 93 ఫైల్ ధైర్యంగా వేసుకోవచ్చు కదా?

ఆక్టేన్‌గోల:
ఆగండి ఆగండి! ఇక్కడే చాలామంది ఇంజిన్ పాడుచేసుకుంటారు. మీరు పోసే 95, వాళ్లు చెప్పే 93 ఒకే కొలత కాకపోవచ్చు. ఆక్టేన్ అంటే నాక్‌ని (సిలిండర్లో పెట్రోల్ దానంతటదే పేలడాన్ని) పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. దాన్ని ఆర్ఓఎన్, ఎమ్ఓఎన్ అని రెండు పద్ధతుల్లో కొలుస్తారు. కొన్ని దేశాల్లో బంకు మీద ఆర్ఓఎన్ రాస్తారు. అమెరికాలో రెండింటి సగటు రాస్తారు, దాన్ని ఏకేఐ అంటారు. 95 ఆర్ఓఎన్ పెట్రోల్‌కి ఎమ్ఓఎన్ 85 దగ్గర ఉంటుంది. సగటు తీయండి, 90! ఏకేఐ 93 రావాలంటే దాదాపు 98 ఆర్ఓఎన్ పోయాలి. ఆ ఫైళ్ల అంకెలు ఏకేఐ అయితే మీ పెట్రోల్ 91 ఫైల్‌కే బొటాబొటీ. ఏ కొలతో రాతపూర్వకంగా అడగండి. వెంటనే చెప్పలేకపోతే అక్కడికి వెళ్లకండి.

కొలతబద్ద:
గేర్‌బాక్స్?

వేడిగాలి:
నా అనుభవం చెప్తాను. పాత బండికి చిప్ మార్పించాను, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. రెడీమేడ్ ఫైలే. ఎన్నో బండ్లలో నడిచిన ఫైల్ కాబట్టి తప్పులు ఎప్పుడో దొరికిపోయి ఉంటాయి. కస్టమ్ అంటే మీ బండే ప్రయోగశాల అన్నట్టు.

ఆక్టేన్‌గోల:
చిప్ మార్చడం వేరు, రీమ్యాప్ వేరు అన్నా. పూర్వం ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) విప్పి మెమరీ చిప్‌నే పీకి మార్చేవారు. ఇప్పుడు ఓబీడీ పోర్ట్ (కారులో స్కానర్ తగిలించే సాకెట్) నుంచో, ఈసీయూ బయటికి తీసి బెంచ్ మీద పెట్టో కొత్త ఫైల్ ఫ్లాష్ చేస్తారు. సెన్సర్ వైర్ల మధ్య తగిలించే ట్యూనింగ్ బాక్స్ మళ్లీ వేరే. మూడింటినీ చిప్ అనేస్తే కొత్తవాళ్లు దేని గురించి అడగాలో కూడా తెలియక తికమకపడతారు.

వేడిగాలి:
అందరూ చిప్ అనే అంటారు. అర్థమైతే చాలు కదా. అసలు "కస్టమ్" అన్న మాట మీద గొడవపడండి, అది న్యాయం. కొనుక్కొచ్చిన ఫైల్‌లో రెండు గళ్లు మార్చి కస్టమ్ అనేవాళ్లూ ఉన్నారు.

పాతపానా:
అందులో తప్పేం లేదు. మంచి బేస్ ఫైల్ తీసుకుని, లాగ్ చూసి సరిచేస్తే అదీ కస్టమే. లాగ్ చూశాడా లేదా అన్నదే ముఖ్యం. నాలుగో గేర్లో 2000 నుంచి 6500 ఆర్‌పీఎం దాకా ఒకేసారి ఫుల్‌గా తొక్కి లాగ్ తీయాలి. అడిగిన బూస్ట్ ఎంత, వచ్చింది ఎంత, నాక్ వల్ల ఏ సిలిండర్‌లో ఇగ్నిషన్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోయింది, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు), ఫ్యూయెల్ రైల్ ప్రెషర్, ఇవన్నీ అందులో చూడాలి. ఒరిజినల్ ఫైల్ కాపీ మీ చేతికిస్తాడో లేదో కూడా అడగండి.

మూడోగేరు:
సారీ, ఇప్పుడే చూశాను. గేర్‌బాక్స్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), ఏడు గేర్లది. చెప్పాననుకున్నాను. ఇంకో చిన్న విషయం, మూడో గేర్లో ఫుల్‌గా తొక్కితే ఒక్కోసారి క్షణం తడబడుతుంది. రీమ్యాప్‌తో అది కూడా పోతుందని మొదటివాళ్లు అన్నారు.

కొలతబద్ద:
ఇందుకే అడిగాను. ఈ కారు మాన్యువల్ గేర్‌బాక్స్ మోడల్‌లో కంపెనీ ఇచ్చిన టార్క్ 320 ఎన్ఎం. డీఎస్‌జీలో 250. పవర్ రెండింటికీ 192 పీఎస్సే. మీ గేర్‌బాక్స్ డీక్యూ200 రకం, డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్). దాని పరిమితే 250. అందుకే కంపెనీ తగ్గించింది. 370 అంటే 120 ఎక్కువ. చార్ట్‌లో "రీమ్యాప్‌కు ముందు" టార్క్ ఎంత రాశారో చూడండి.

పాతపానా:
తడబాటు ఉందా! అది చిన్న విషయం కాదు బాబూ. మిస్‌ఫైర్ కావచ్చు, క్లచ్ జారడం కావచ్చు. మిస్‌ఫైర్ కౌంటర్లు, ఇంజిన్ ఆర్‌పీఎం, క్లచ్ అవతలి షాఫ్ట్ ఆర్‌పీఎం కలిపి లాగ్ తీయించండి. ఇంజిన్ పైకి లేచి షాఫ్ట్ వెనకబడితే క్లచ్. కౌంటర్ పెరిగితే ప్లగ్గులో, కాయిలో. జబ్బు తెలియకుండా రీమ్యాప్‌తో పోతుందని ఎవరన్నా నమ్మకండి.

మూడోగేరు:
చార్ట్ చూశాను. ముందు 320 అని ఉంది. గేర్‌బాక్స్ ఏదని వాళ్లు నన్ను అసలు అడగనేలేదు. రెండో ఆయన మొదటి ఫోన్‌లోనే అడిగాడు, ఊరికే అడిగాడనుకున్నాను. మరి డీఎస్‌జీకి ఇక రీమ్యాప్ వద్దా?

కొలతబద్ద:
చేయించొచ్చు, టార్క్ పెంచకుండా. అదే 250ని టర్బో 6200 ఆర్‌పీఎం దాకా నిలబెట్టగలిగితే లెక్క ప్రకారం 220 పీఎస్ వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో క్లచ్‌కి అదనపు భారం పడదు, ఎక్కువ ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది. ఇలా రాస్తాడా అని రెండో ఆయన్ని అడగండి.

వేడిగాలి:
నాది మాన్యువల్. అది ముందే చెప్పాల్సింది.

మూడోగేరు:
థాంక్స్ అందరికీ. శనివారం ప్లగ్గులు మార్చి, లాగ్ తీయిస్తాను.

పాతపానా:
పాత ప్లగ్గులు పారేయకండి. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి, వరసగా పేర్చి ఫోటో పెట్టండి.