మొక్కల మీద ప్రాణం, పరీక్ష మీద మాత్రం మనసు నిలవదు. ఎందుకు?

ప్రశ్న:
ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాను. గడ్డి, తుంగ జాతులంటే నాకు ప్రాణం. మొన్న హాస్టల్ వెనక పీకిన తుంగ కాడ మూడు పలకలుగా ఉంటే, దాన్ని కోసి చూస్తూ ప్రయోగశాలలోనే రాత్రి ఎనిమిది చేశాను. అన్నం సంగతే గుర్తు రాలేదు. అదే సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, అధ్యాపక ఉద్యోగాల అర్హత పరీక్ష) పుస్తకం తెరిస్తే పది నిమిషాలకే మనసు జారిపోతుంది. 13 యూనిట్లు! నా గదిలో ఉండే అమ్మాయికి సబ్జెక్టు మీద ఇంత ఇష్టం లేదు, అయినా తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటుంది. చదువు మీద ప్రేమ, సాధించాలన్న పట్టుదల వేర్వేరా?

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు):
వేర్వేరేనమ్మా. అయితే పట్టుదల పుట్టుకతోనే రావాలని లేదు. మెక్లెలాండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త అది నేర్పితే వస్తుందని నమ్మి, 1960లలో మన కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించాడు. ఆయన చెప్పిన రింగులు విసిరి మేకుకు తగిలించే ఆటలో సాధించాలనే తపన ఉన్నవాళ్లు మేకుకు మరీ దగ్గరగా నిలబడరు, మరీ దూరంగానూ నిలబడరు. అందీ అందని చోటు చూసుకుంటారు. నీ తుంగతో నీకు గెలుపూ లేదు, ఓటమీ లేదు. పుస్తకమేమో 13 యూనిట్ల దూరంలో ఉంది. మధ్యలో నిలబడు. తుంగ సీ4 మొక్క, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడును ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టుకునే రకం. ఆకును అడ్డంగా కోస్తే నాళాల చుట్టూ ఆకుపచ్చ కణాలు దండ కట్టినట్టు కనబడతాయి. అక్కడి నుంచి కిరణజన్య సంయోగక్రియ, అంటే నీ ఆరో యూనిట్, ఒక్క అడుగే. ఆదివారంలోగా అందులో 20 పాత ప్రశ్నలు చేసి, తప్పులు లెక్కపెట్టు.

జవాబు 2:
గదిలోని అమ్మాయితో పోల్చుకోకండి. మనం ఇష్టంతో పట్టుకున్న మక్కువ వేరు, మనల్ని పట్టుకుని వదలని మక్కువ వేరు అని కెనడా మనస్తత్వవేత్త వల్లెరాండ్ బృందం 2003లోనే చెప్పింది. ఇంటర్‌లో నాది రెండోది. సంక్రాంతికి ఇంటికి వెళ్లి కూడా గారె చేతిలో పట్టుకుని సూత్రాలు వల్లించేవాణ్ణి. సీటు వచ్చాక ఏడాదిపాటు పుస్తకం ముట్టబుద్ధి కాలేదు.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, నిన్న కోశాను. ఏడు కోతలు మందంగా వచ్చాయి, ఎనిమిదోదానిలో దండ స్పష్టంగా కనబడింది. 20 ప్రశ్నల్లో 11 తప్పు. వాటిలో రెండు ఆ స్లైడు చూస్తూండగానే అర్థమయ్యాయి. మిగతా తొమ్మిదీ కాగితం మీద రాసి సూక్ష్మదర్శిని పక్కన పెట్టుకున్నాను.