కొరికిన బాబు పేరు చెప్పమని తల్లి, నోరు విప్పొద్దని తోటి టీచర్... నేనేం చేయాలి?

చిట్టిచేతులు:
డేకేర్‌లో ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల గది నాది. మొన్న ఒకడికి డైపర్ మారుస్తుంటే వెనక నుంచి కెవ్వుమని ఏడుపు, తిరిగి చూస్తే పాప మోచేతి కింద గుండ్రంగా పళ్ల గాట్లు, పక్కనే ఎర్ర కారు గుండెలకి హత్తుకుని ఇంకో బాబు. తోలు లేవలేదు. సబ్బునీళ్లతో కడిగి చల్లటి తడిబట్ట పెట్టి, "కొరికిన గాటు" అని టైంతో సహా ఫారం రాశా. ఆ టైంలో మిగతావాళ్లని చూడాల్సిన టీచర్ ఫోన్‌లో మునిగి ఉంది. సాయంత్రం తల్లి వచ్చి ఎవరు కొరికారు, మీరంతా ఏం చేస్తున్నారు అని అందరి ముందూ నిలదీస్తే ఆ టీచర్ "పడిపోయింది మేడమ్" అనేసింది!! నేను నోరెత్తలేకపోయా. ఇప్పుడేమో ఇంక ఆ విషయం కదపొద్దు అంటోంది.

రెండేళ్లవాడి అమ్మ:
పేరు చెప్పాల్సిందే. నా బిడ్డ ఒంటి మీద గాటు పడితే ఎవరు పెట్టారో తెలుసుకునే హక్కు నాకు లేదా? "ఒక పిల్లాడు" అంటే ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది అండీ.

పాతకాపు:
అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ పేరు మాత్రం చెప్పకూడదు. ఆ వయసులో కొరకడం మామూలే, మాటలు రావు, దవడ పళ్లు వస్తుంటాయి, చేతిలో బొమ్మ లాక్కుంటే చెప్పడానికి నోట్లో ఉన్నది పళ్లే కదా. పేరు బయటపడిందా, మర్నాడు ఇద్దరు తల్లులు గేటు దగ్గర, ఇక ఆ పిల్లాడికి "కొరికేవాడు" అని ముద్ర. నేను ఒకసారి జాలిపడి చెప్పేసి ఆ గొడవ ఆర్నెల్లు మోశాను. చిట్టిచేతులు గారూ, ఆ తల్లికి ఎన్నింటికి, ఎక్కడ, మీరేం చేశారు, రేపట్నుంచి ఏం మారుస్తారు, ఇవన్నీ దాచకుండా చెప్పండి. "పడిపోయింది" మాత్రం రేపటికి కూడా ఉండనివ్వొద్దు, ఫైల్లో ఒకటి నోటితో ఒకటి ఉంటే ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ తల్లి చదవదా ఏంటి. ముందు ఆ టీచర్‌ని పక్కకి పిలిచి నువ్వే చెప్పు అనండి, లేదంటే నేను ఇన్‌ఛార్జ్‌కి చెప్తానని ముందే చెప్పేయండి.

సాయంత్రం షిఫ్ట్:
పక్కకి పిలవడాలేంటండీ, పిల్లల గదిలో ఫోన్ చూస్తే సరాసరి ఇన్‌ఛార్జ్‌కే. మేం ఇలాగే మొహమాటపడితే ఇంకోసారి ఇంకో పాప. పైగా మీరు చెప్పారని తెలిశాక ఆ టీచర్ మిగతావాళ్లని మీ మీదకి ఉసిగొల్పుతుంది, అప్పుడు మీ చేతిలో కాగితం ఉండాలి.

పాతకాపు:
అలవాటైతే మీరన్నదే కరెక్ట్. మొదటిసారి అయితే ఒక్క రోజు టైం ఇస్తాను, అంతే. మనిషి తప్పు ఒప్పుకోడానికి దారి ఉంచకపోతే అబద్ధం మీద అబద్ధం ఆడుతుంది.

కొరికినవాడి నాన్న:
మావాడు కూడా కొరికేవాడు. మాకు మాత్రం టీచర్ విడిగా చెప్పింది, ఏ టైంలో, దేనికోసం అని. రోజూ నిద్ర ముందే అని తేలింది, పది నిమిషాలు ముందు పడుకోబెడితే చాలావరకు తగ్గింది. పేరు అందరికీ చెప్పుంటే సిగ్గుతో సెంటర్ మాన్పించేవాళ్లం.

చిట్టిచేతులు:
అప్‌డేట్. టీచర్‌తో మాట్లాడా, ముందు ఏడ్చింది, తర్వాత నా మీదే అరిచింది, కానీ పొద్దున తనే తల్లి దగ్గరికెళ్లి "నేను చూసుకోలేదు మేడమ్, అది కొరికిన గాటే" అంది. తల్లి ఫారం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది, ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడాలంది, పేరు ఇంకా అడుగుతూనే ఉంది. ఫోన్లు ఇప్పుడు బయట అరలో. టీచర్ నాతో పని మాటలు తప్ప మాట్లాడట్లేదు. అలాంటిదే ఇంకో ఎర్ర కారు తెప్పించాం, ఇద్దరూ మళ్లీ ఆ పాత కారే కావాలంటున్నారు.