పర్లాకిమిడిలోనే బీసీఏ చేయాలా, అప్పు చేసి బీటెక్ సీఎస్ఈకి వెళ్లాలా?

తనయగట్టు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే, బడి మాత్రం పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఈ ఏడాది ప్లస్ టూ సైన్స్ అయింది, మ్యాథ్స్‌లో 71 వచ్చాయి. జేఈఈ మెయిన్ బాగా రాయలేకపోయాను, అయినా ఓజేఈఈ (ఒడిశా ఇంజనీరింగ్ సీట్ల) కౌన్సెలింగ్‌లో ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, దొరుకుతుందంటున్నారు. మామయ్య విశాఖలో ఉంటాడు, అక్కడే చేర్పించమంటాడు. మేం ఒడిశా వాళ్లం కాబట్టి ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు రాదు, ఎక్కడ చేరినా ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి లక్షన్నర అవుతుంది. అదంతా అప్పే. ఇంకో దారి ఇక్కడే బీసీఏ, మూడేళ్ల కంప్యూటర్ డిగ్రీ, సైకిల్ మీద వెళ్లి రావచ్చు.

నాన్నది టైలరింగ్ షాపు. ముందు గదిలో రాత్రి పదకొండు దాకా మెషిన్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఆ చప్పుడు వింటూ లక్షన్నర అనే మాట ఎత్తలేకపోతున్నాను. "నీకేది మంచిదో అదే చెయ్యమ్మా" అంటాడు, దాంతో నాకు ఇంకా టెన్షన్.

బీసీఏ చేస్తే ఆ తర్వాత ఏం ఉంటుంది? ఏఐ వచ్చాక కంప్యూటర్ చదువు దండగ అని మా పెద్దమ్మ కొడుకు అంటున్నాడు, నిజమేనా? నాకు ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే నోరు పెగలదు. ఇంకోటి, ప్లస్ టూ మ్యాథ్స్ పుస్తకాలు పక్క వీధి పిల్లాడు అడుగుతున్నాడు, ఇచ్చేయనా?

గుణుపురం_ప్యాసింజర్:

చెల్లీ, ముందు అప్పు లెక్క చూడు, మా ఇంట్లో ఇది ఎవరూ వేయలేదు. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునేటప్పుడు వాయిదాలు కట్టక్కర్లేదు అంటారు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. చదువు అయ్యాక ఇచ్చే ఏడాది గడువు కూడా కలుపుకుంటే, బారువడ్డీ ప్రకారం చూసినా (మొదటి లక్షన్నరకి ఐదేళ్లు, ఆఖరి లక్షన్నరకి రెండేళ్లు) 2 లక్షల 10 వేలు వడ్డీయే. మొదటి వాయిదా కట్టే రోజుకి బాకీ 8 లక్షల 10 వేలు. వడ్డీ సబ్సిడీ పథకాలున్నాయి, ఆదాయం సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకులో తప్పకుండా అడుగు, కానీ వస్తుందని నమ్మి సంతకం పెట్టకు.

నేను బీటెక్ చదివిన కాలేజీ పేరు చెప్పను. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ ఉండేది, ప్లేస్‌మెంట్లు వచ్చిన వాళ్ల ఫోటోలతో. చేరిన రోజు నాన్న దాని ముందు నిలబడి నన్ను ఫోటో తీశారు. రెండో ఏడు గమనించాను, ఒకే అబ్బాయి ఫోటో మూడు కంపెనీల కింద ఉంది, అతనికి మూడు ఆఫర్లు వస్తే ముగ్గురి కింద లెక్కేశారు. అందుకని ఎన్ని ఆఫర్లు అని కాదు, ఎంతమంది పిల్లలకు వచ్చాయి అని అడుగు. ఎన్ఐఆర్ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసిన కాలేజీలు తాము పంపిన వివరాల పీడీఎఫ్‌ను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, అన్నీ ఉంటాయి. చేరబోయే కాలేజీది అది దొరక్కపోతే నేనైతే అప్పు చేయను.

జయపురం_అక్క:

నేను బీసీఏ చేసి తర్వాత ఎంసీఏ, అంటే అందులోనే పీజీ, చేశాను. ఇప్పుడు రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాను, కాబట్టి బీసీఏ అంటే చులకనగా చూసే వాళ్ల మాట పట్టించుకోకు.

మ్యాథ్స్ పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఎన్ఐటీల్లో ఎంసీఏ చేయాలంటే నిమ్‌సెట్ రాయాలి, వరంగల్ ఎన్ఐటీ కూడా దాని ద్వారానే తీసుకుంటుంది. అందులో సగానికి పైగా మార్కులు మ్యాథ్స్‌కే, అదీ నువ్వు ఇప్పుడు చదివిన ప్లస్ టూ మ్యాథ్సే. డిగ్రీలో మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఒక సబ్జెక్టుగా ఉండాలి, 60 శాతం రావాలి. అందుకే చేరేముందు ఆ కాలేజీ బీసీఏ సిలబస్ తీసి మ్యాథ్స్ ఉందో లేదో చూసుకో, లేకపోతే చేరకు. ఎంసీఏ 2020 నుంచి మూడేళ్లు కాదు, రెండేళ్లే. అంటే బీటెక్‌కి నాలుగేళ్లయితే నీకు ఐదేళ్లు, మొదటి మూడేళ్లు ఇంటి అన్నం తింటూ.

కంప్యూటర్ చదువు అంటే ఏమిటో నాకు అర్థమైన రోజు చెప్తాను. మా అమ్మమ్మ పేరు ఎర్రమ్మ. ఒక కాగితంలో తెలుగులో ఉంది, ఇంకో దాంట్లో ఒడియాలో, ఆధార్‌లో ఇంగ్లీషులో, మూడూ కలవవు, పింఛను ఆగిపోయింది. నేను బీసీఏ రెండో ఏడు, ఒడియా పేర్లను తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాద్దామని కూర్చున్నాను. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతిలో, ఒడియా అక్షరాల పట్టికా తెలుగు పట్టికా ఒకే వరసలో పేర్చారు, ఒడియా క నంబరుకి 256 కలిపితే తెలుగు క వచ్చేస్తుంది. చ, ట, త, ప అన్నీ అంతే. నాకు ఎంత సంబరమో! తర్వాత తెలుగు నుంచి ఒడియాకి తిప్పాను, అమ్మమ్మ పేరు దగ్గర ఆగిపోయింది. ఒడియాలో పొట్టి ఎ లేదు, ఏ ఒక్కటే ఉంది. పొట్టి ఒ కూడా లేదు. పట్టికలో సరిగ్గా ఆ రెండు గడులూ ఖాళీ. ఎర్రమ్మ ఏర్రమ్మ అవ్వాలి, కొండమ్మ కోండమ్మ అవ్వాలి, ఆ సంగతి యంత్రానికి మనం చెప్పాలి. అమ్మమ్మ పింఛను ఆఫీసు చుట్టూ తిరిగితేనే వచ్చింది, నా ప్రోగ్రాం వల్ల కాదు, కానీ అప్పటి నుంచి నేను ఈ పని వదల్లేదు. మన సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి పని కుప్పలుగా ఉంది. గుణుపురం వైపు మంగయి గొమాంగో 1936లో సవర భాషకు చేసిన సోరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఆ లిపికి కీబోర్డులు, ఫాంట్లు, పిల్లల పుస్తకాలు, అవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేయాలి కదా. తెలుగూ ఒడియా రెండూ చదవగలిగే నువ్వు ఇందులో నాకన్నా ఒక మెట్టు పైనే ఉన్నావు.

ల్యాప్‌టాప్ సంగతి: సెకండ్ హ్యాండ్‌ది తీసుకో, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే చాలు, లైనక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకో. మొదటి మూడు నెలలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు. వేళ్లు నొప్పెడతాయి, అంతే.

బరంపురం_రూమ్‌మేట్:

అక్క చెప్పింది బాగుంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. కొన్ని ఉద్యోగాలకు బీటెక్ అనే మాట కావాలి. ఇస్రోలో కంప్యూటర్ సైన్స్ సైంటిస్టు పోస్టుకి బీఈ, బీటెక్ అడుగుతారు, బీసీఏతో కుదరదు. బ్యాంకుల్లో ఐబీపీఎస్ ఐటీ ఆఫీసర్‌కి కూడా బీసీఏ ఒక్కటే చాలదు, ఎంసీఏ అయితే చెల్లుతుంది. అందుకని కౌన్సెలింగ్ వదిలేయకు. మా బరంపురంలో పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ప్రభుత్వ కాలేజీ, 2009లో పెట్టారు, మీ ఊరి రాజావారి పేరే. అక్కడ సీఎస్ఈ రాకపోతే వేరే బ్రాంచి వచ్చినా ఆలోచించు, ఆఖరి రౌండు దాకా చూడు. ప్రభుత్వ సీటు దొరికితే బీటెక్, లేదంటే బీసీఏ. ప్రైవేటులో లక్షన్నర మాత్రం వద్దు.

రాయగడ_మేష్టారు:

అమ్మా, ఏఐ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మొన్న మా విద్యార్థి ఒకడు రెండు జాబితాల్లో ఉమ్మడి పేర్లు వెతికే ప్రోగ్రాం ఏఐతో రాయించి తెచ్చాడు. 200 పేర్లకు చిటికెలో వచ్చింది. ఒక్కో జాబితాలో 2 లక్షల పేర్లు ఇచ్చాను, వాడు టీ తాగి వచ్చినా తెర కదల్లేదు. ఎందుకంటే ఆ ప్రోగ్రాం ప్రతి పేరునీ రెండో జాబితాలో ప్రతి పేరుతోనూ పోలుస్తోంది, అంటే 4,000 కోట్ల పోలికలు. రెండో జాబితాను ముందే అక్షర క్రమంలో పెట్టుకుని, సగానికి సగం కొట్టేస్తూ వెతికితే ఒక్కో పేరుకి 18 పోలికలు, మొత్తం 36 లక్షలు. ఏఐని సరిగ్గా అడిగితే అదీ రాసిస్తుంది, కానీ అడగాలని వాడికి తెలియాలి కదా! డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ ఈ నాలుగూ గట్టిగా వచ్చిన పిల్లలకు నేను భయపడను. చూసి కాపీ కొట్టి పాసయ్యే వాళ్లకు మాత్రం రోజులు కష్టమే, అది దాచను.

ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2020లో డేటా సైన్స్ డిగ్రీ ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు, జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పరీక్ష దాటితే చాలు. ఆదాయం తక్కువైతే ఫీజులో 75 శాతం దాకా తగ్గిస్తారు. బీసీఏతో పాటు చేయొచ్చు, కానీ ఆ గణితం తేలిక కాదు, మొదటి ఏడు చూసుకుని దిగు.

ఇంగ్లీషుకి ఒకటే చెప్తాను. రోజూ రాసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో ఐదు వాక్యాలు ఇంగ్లీషులో పైకి చెప్పు, గోడకి చెప్పినా ఫరవాలేదు.

తనయగట్టు_అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. మేష్టారూ, మీ 18 పోలికల లెక్క కాగితం మీద వేసి చూశాను, వచ్చింది. జయపురం అక్కా, ఇక్కడి కాలేజీకి వెళ్లి బీసీఏ సిలబస్ జిరాక్స్ తెచ్చుకున్నాను, మొదటి ఏడు మ్యాథ్స్ ఉంది. ప్రభుత్వ సీటు కోసం ఆఖరి రౌండు దాకా చూస్తాను, రాకపోతే ఇక్కడే చేరతాను. నాన్నకి 8 లక్షల 10 వేల లెక్క చూపించాను, మెషిన్ ఆపి రెండుసార్లు చదివాడు. పక్క వీధి పిల్లాడికి ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు ఇచ్చేశాను. మ్యాథ్స్ ఇవ్వలేదు.