తెల్లవారుజామున లేవనివాడు బాగుపడడా?

కృష్ణలంక అల్లుడు
మా ఇంట్లో మూడు వారాలుగా సాగుతున్న వాదన ఇది. తీర్పు చెప్పగలిగిన తటస్థులు ఇంట్లో ఎవరూ మిగలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మామయ్యగారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఈ వేసవికి విజయవాడలో మా దగ్గరే ఉంటున్నారు. నాలుగున్నరకు లేస్తారు, కాఫీ తాగుతారు, ఐదింటికల్లా స్కూటర్ మీద ప్రకాశం బ్యారేజీ చేరుకుంటారు. సీతానగరం కొస దాకా నడిచి వెనక్కి వస్తారు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లట, పోనూ రానూ రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ కాస్త కూడా పూర్తి చేయడానికి చివర్లో స్కూటర్ చుట్టూ తిరుగుతారు. ఇంటికి వచ్చి స్నానం, పూజ, పేపరు ముగించుకుని ఎనిమిదింటికి నా గది తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. లోపల నేను నిద్రలో ఉంటాను.

నాది అమెరికా వేళల ఉద్యోగం, ఇంటి నుంచే. సాయంత్రం ఆరున్నరకు మొదలై రాత్రి రెండున్నరకు ముగుస్తుంది. మూడింటికి పడుకుని పదిన్నరకు లేస్తాను. ఏడున్నర గంటల నిద్ర. ఆరేళ్లుగా ఇదే వరస. ఇంటి అప్పు వాయిదా ఒక్క నెల తప్పలేదు. బీపీ లేదు, షుగరు లేదు. మొన్న భోజనాల దగ్గర ఆయన అన్న మాట ఇది: "అల్లుడుగారూ, మీరు సంపాదిస్తున్నారు, కాదనను. కానీ పొద్దు పొడుపు చూడని ఇంట్లో లక్ష్మి ఎక్కువ కాలం ఉండదు." ఆ "గారూ" లేకపోతే అంత గుచ్చుకునేది కాదు.

నిజంగా లేచే వేళకూ మనిషి బాగుపడటానికీ సంబంధం ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సూర్యనమస్కారం
ఉంది. నేనూ ఒకప్పుడు ఎనిమిదింటికి లేచినవాణ్ణే. మూడేళ్లుగా ఐదింటికి లేస్తున్నాను. ఫోను మోగని ఆ రెండు గంటలు నా సొంతం. నడక, కాస్త చదువు, ఆ రోజు ఖర్చుల లెక్క, అన్నీ అప్పుడే. ఆఫీసుకు పరుగెత్తుకుంటూ వెళ్లి రోజంతా చిరాకు పడే మనిషి ఇప్పుడు లేడని మా ఇంట్లోవాళ్లే అంటారు.

అయినా విజయవాడలో ఉంటూ ఈ ప్రశ్న అడగడమేమిటి? రోహిణీ కార్తెలో ఎనిమిది దాటాక బందరు రోడ్డు మీద నడిచి చూడండి, మీ మామయ్యగారి మాటలోని సత్యం పాదాల నుంచి నెత్తికి ఎక్కుతుంది. 21 రోజులు పట్టుదలగా లేవండి. 22వ రోజు అలారం అక్కర్లేదు.

ఆటోనగర్ షెడ్డు
మా షెడ్డు పదింటికి తెరుస్తాం. 22 ఏళ్లుగా నాలుగు కుటుంబాలకు అన్నం పెడుతోంది. లక్ష్మి పదింటికే వస్తోంది మరి, పాపం.

మిర్చి గుమాస్తా
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తాను. పొద్దున్నే లేవడం గురించి మాట్లాడే హక్కు మాకంటే ఎవరికీ లేదనుకుంటాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా దగ్గర లేవడం గొప్ప కాదు, పడుకోగలగడం గొప్ప. రైతు రాత్రికి రాత్రి సరుకుతో వస్తాడు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకుని, వాటి మీదే తువ్వాలు పరుచుకుని కునుకు తీస్తాడు. హమాలీలు మూతికి గుడ్డ కట్టుకుని అప్పటికే సిద్ధం. మా బ్రాహ్మీ ముహూర్తం తుమ్ములతో మొదలవుతుంది.

వీళ్లందరూ బాగుపడ్డారా? 2025 ఫిబ్రవరిలో ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడాది రైతులందరూ బద్ధకంగా లేచారా? ధర బాగా పలికిన ఏడాది ఇంకో గంట ముందు లేచారా? ఎగుమతి ఎలా ఉంది, ఎన్ని ఎకరాల్లో వేశారు, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంత మిగిలింది, రైతు రాత ఇక్కడ ఉంది. అలారంలో లేదు.

అలాగని అలవాట్లకు విలువ లేదనను. మా షావుకారు ఏ రోజు లెక్క ఆ రోజు తేలనిదే కొట్టు కట్టడు. రాత్రి పదకొండు అయినా సరే, రూపాయి తేడా వచ్చినా సరే. పక్క కొట్టువాళ్లు "రేపు చూద్దాం" అనుకుంటూ పోగుచేసిన తేడాలు ఏడాది చివర ఎలా బయటపడ్డాయో నేను కళ్లారా చూశాను. ఆయన పొద్దున ఎన్నింటికి లేస్తాడో నేనెప్పుడూ అడగలేదు.

లెక్కల మాస్టారు
ఇంటర్మీడియట్ పిల్లలకు 19 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మా హాస్టల్‌లో ఐదింటికి గంట కొడతారు. మంచి సీటు తెచ్చుకున్న ప్రతి పిల్లవాడూ ఐదింటికి లేచినవాడే. ఒక్క మినహాయింపు చూపించండి చూద్దాం.

గణాంకాల గోల
మాస్టారూ, నమస్కారం. సీటు రాని పిల్లలు ఎన్నింటికి లేచారండి?

లెక్కల మాస్టారు
ఐదింటికే.

సరే, ఒప్పుకుంటున్నాను. ఇదే తప్పు విద్యార్థి చేస్తే సున్నా వేసేవాణ్ణి. కానీ నాలుగు వందల మంది పిల్లలున్న చోట నలభై గడియారాలు నడపలేం. క్రమం అనేది కావాలి.

గణాంకాల గోల
క్రమం కావాలి, ఒప్పుకుంటాను. రాత్రి పదిన్నర దాకా చదివించి ఐదింటికి లేపితే ఆరున్నర గంటలు. ఆ వయసువాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు పడుకోవాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా యుక్తవయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది. మొదటి పీరియడ్‌లో ఆవులించే పిల్లవాణ్ణి బద్ధకస్తుడని తిట్టే ముందు మాస్టారు ఈ తీసివేత ఒకసారి చేయాలి.

సూర్యనమస్కారం గారికి కూడా ఒక మాట. 21 రోజుల లెక్కకు ఆధారం లేదు. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. భోజనం తర్వాత నడవడం, మధ్యాహ్నం ఒక పండు తినడం వంటి చిన్న చిన్న పనులు అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి లెక్క కట్టి చూస్తే 254. ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ లేదని కూడా తేలింది. నాకు నచ్చింది ఆ చివరి ముక్క. 22వ రోజు అలారం మోగక ముందు మెలకువ రాలేదని ఎంతమంది తమను తాము తిట్టుకుని మానేసి ఉంటారో.

సూర్యనమస్కారం
66 అయితే 66 రోజులు లేవండి. నేను వద్దన్నానా?

రాత్రి డ్యూటీ
గుంటూరులో నర్సును. నెలలో పది రోజులు రాత్రి డ్యూటీ. ఉదయం తొమ్మిదింటికి ఇంటికి వచ్చి పడుకుంటే "పట్టపగలు ఆడపిల్ల నిద్ర" అని పక్కింటి పెద్దావిడ గోడ మీద నుంచి అంటూ ఉంటుంది. ఆవిడకు పోయినేడు ఆయాసం వచ్చిన రాత్రి పక్కన కూర్చున్నది నేనే. అది వదిలేయండి.

అల్లుడు గారూ, మీ మామయ్యగారు నీటిపారుదల శాఖలో చేసినవారై ఉండి ఆ మాట అన్నారా? 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ రాత్రి 70 గేట్ల దగ్గర మేలుకున్నవాళ్లు మర్నాడు తెల్లవారుజామున నడకకు వెళ్లి ఉండరు.

అయితే మిమ్మల్ని కూడా పూర్తిగా సమర్థించను. శరీరంలో గడియారం ఉందన్నది కట్టుకథ కాదు. అది ఎలా నడుస్తుందో కనుక్కున్న ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. రాత్రి షిఫ్టును బహుశా క్యాన్సర్ కలిగించేదిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది, 2019లో మళ్లీ అదే మాట చెప్పింది. బీపీ లేదు, షుగరు లేదు అని ధీమాగా రాశారు, బాగుంది. పరీక్షలు ఏడాదికోసారైనా చేయించుకుంటున్నారా? కిటికీకి ముదురు తెర ఉందా? లేవగానే పది నిమిషాలు వెలుతురులో నిలబడుతున్నారా? శని, ఆదివారాల్లో మామూలు మనిషిలా పదింటికి పడుకుని సోమవారం మళ్లీ మూడింటి దాకా మేలుకుంటున్నారా? ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

కృష్ణలంక అల్లుడు
తెర ఉంది. వెలుతురు మాట గుర్తుపెట్టుకుంటాను. శని, ఆదివారాల గురించి అడగకండి. పరీక్షలు చేయించుకుని రెండేళ్లయింది.

కొత్తపేట కోడలు
నాకు ఒకటే సందేహం. మీ మామయ్యగారు నాలుగున్నరకు లేచి కాఫీ తాగుతారని రాశారు. ఆ కాఫీ ఎవరు కలుపుతారు?

కృష్ణలంక అల్లుడు
మా ఆవిడ.

కొత్తపేట కోడలు
ఆవిడ ఎన్నింటికి లేస్తుంది? ఎన్నింటికి పడుకుంటుంది?

కృష్ణలంక అల్లుడు
బ్యాంకు ఉద్యోగం. ఇంటికి వచ్చి వంట, పిల్లవాడి హోంవర్కు, గిన్నెలు అయ్యేసరికి పదకొండున్నర. లేవడం నాలుగుంబావుకు.

కొత్తపేట కోడలు
ఐదు గంటలు కూడా లేదు. మీరు ఏడున్నర గంటలు. పెద్దాయన తొమ్మిదింటికి పడుకుంటారనుకుంటాను, ఆయనకూ ఏడున్నర. మూడు వారాలుగా మీరిద్దరూ ఎవరి అలవాటు గొప్పదని వాదించుకుంటున్నారు. మధ్యలో నిద్ర లేకుండా తిరుగుతున్న మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదు.

మా అత్తగారి ఇంట్లోనూ ఇంతే. మామగారి క్రమశిక్షణ గురించి చుట్టాలందరూ పదేళ్లు చెప్పుకున్నారు. ఆరింటికి వేడినీళ్లు, ఏడింటికి ఇడ్లీ, నిమిషం తేడా రాకూడదు. ఆ వేడినీళ్ల కింద మంట పెట్టిన చేతుల గురించి ఎవరూ చెప్పుకోలేదు. పొద్దున్నే లేచే మగవాళ్ల మీద నాకు కోపం లేదు. లేచాక వంటింటి దీపం కూడా వాళ్లే వెలిగించుకుంటే ఆ అలవాటు వాళ్లదని ఒప్పుకుంటాను.

మిర్చి గుమాస్తా
మా షావుకారు కూడా లెక్క తేలేదాకా ఇంటికి వెళ్లడని ఇందాక గొప్పగా రాశాను. అప్పటిదాకా అన్నం వేడిగా ఉంచేది ఎవరో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. రేపు అడిగే ధైర్యమైతే లేదు.

కృష్ణలంక అల్లుడు
నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను.

ఈ చర్చ మొత్తం మామయ్యగారికి చదివి వినిపించాను. వరద మాట దగ్గర చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన ఉద్యోగకాలంలో గేట్ల దగ్గర తెల్లవార్లూ గడిపిన రాత్రులు వరసగా చెప్పుకొచ్చారు. అయినా తన మాటగా ఇది రాయమన్నారు: "అవసరానికి మేలుకోవడం వేరు, అదే జీవితం చేసుకోవడం వేరు. నా అభిప్రాయం మారలేదు." రాశాను. కాఫీ సంగతి దగ్గర మాత్రం, "అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదే" అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి, "మీరిద్దరూ ఎప్పుడూ అడగలేదే" అంది.

ఇప్పుడు ఏర్పాటు ఇది. పని ముగిశాక రెండున్నరకు ఫిల్టరులో డికాషన్ వేసి నేను పడుకుంటున్నాను. నాలుగున్నరకు మామయ్యగారు లేచి పాలు కాచుకుని కలుపుకుంటున్నారు. మా ఆవిడ ఆరింటికి లేస్తోంది. మొదటి రోజు డికాషన్ నీళ్లలా ఉందని ఆయన ఫిర్యాదు. రెండో రోజు ఆయన పేపరు కోసం గుమ్మంలోకి వెళ్లగానే పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడవడం నా వాటా కిందికి వస్తుందా, ఆయన వాటా కిందికి వస్తుందా అన్నది ఇంకా తేలలేదు.