అప్‌డేట్: చివరికి టేకు తలుపే పెట్టించాము

వానలకు ఉబ్బి, అడుగున చెదలు పట్టిన మా వేప తలుపు స్థానంలో టేకుదా, ఉక్కుదా అని వేసవిలో అడిగాను కదా. టేకే పెట్టించాము. మాది పడమటి ముఖం. నల్లగొండ ఎండకు మధ్యాహ్నం ఉక్కు రేకు మీద చేయి వేయలేమని మీరన్నది నిజమే.

అసలు చిక్కు తలుపులో లేదు. ద్వారబంధాన్ని సుత్తితో తట్టిస్తే ఎడమవైపు కింద బోలుగా మోగింది. గడపతో సహా తీయించి, గోడ సందుల్లో చెదల మందు కొట్టించాకే కొత్తది నిలబెట్టించాము. అమ్మ చెప్పిన మంచిరోజు వచ్చేదాకా గుమ్మానికి టార్పాలిన్ కట్టుకుని పడుకున్నాము!

తలుపు బిగించక ముందే పై, కింది అంచులకూ వార్నిష్ పూయించాను. తేమ ఎక్కువగా పీల్చేది అక్కడే. వడ్రంగి నవ్వాడు గానీ పూశాడు. పాత వేప చెక్కలో మిగిలిన మంచి ముక్కతో పీట చేయిస్తున్నాము.