వాటర్లూ కత్తి అని అంటగట్టారు, నిజమేనా?

లియోన్_లోకల్:
ఇక్కడ లియోన్‌లో పోయిన ఆదివారం పాత సామాన్ల సంతలో గుర్రపు దళం కత్తి ఒకటి కొన్నాను, 320 యూరోలు. అలుగు వంపుగా ఉంది, చేతికి అడ్డంగా మూడు ఇత్తడి కమ్మీలు, పిడికి తోలు చుట్టి పైన తీగ, ఇనప ఒర. వాటర్లూలో, అదే నెపోలియన్ ఓడిపోయిన యుద్ధంలో వాడిందని అమ్మినాయన ఒకటే చెప్పాడు. అలుగు వెన్ను మీద సన్నటి చేతిరాతలో ‘ఆంపేరియాల్’, ‘షాతెల్రో’ అని చదవగలిగాను, మిగతాదంతా తుప్పు. ఆంపేరియాల్ అంటే సామ్రాజ్యానిది అని కదా, అంటే నెపోలియన్ కాలమేగా? ఉప్పు కాగితంతో రుద్దితే మిగతా అక్షరాలు బయటపడతాయా?

పాత_ఇనుము:
ముందు ఆ ఉప్పు కాగితం అవతల పారెయ్ తమ్ముడూ, అక్షరాలు తుప్పుతో పాటే పోతాయి. కాస్త నూనె రాసి ఒక రాత్రి వదిలేసి, అన్నిటికన్నా సన్న రకం స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడువు.

ఇక వాటర్లూ సంగతి. ఆ యుద్ధం 1815లో, షాతెల్రోలో ఆయుధాల కర్మాగారం పెట్టిందే 1819లో. కాబట్టి నీ ‘ఆంపేరియాల్’ మూడో నెపోలియన్‌ది, అంటే వాటర్లూ నెపోలియన్ తమ్ముడి కొడుకుది, 1852-70 మధ్య. మొదటాయన కాలపు కత్తుల మీద ఎక్కువగా క్లింగెన్‌తాల్ అని, ఇంకో కర్మాగారం పేరు ఉంటుంది. కర్మాగారం పేరులో రాజులుంటే రోయాల్, రిపబ్లిక్ వస్తే నాస్యోనాల్, మన దగ్గర ప్రభుత్వం మారగానే పథకాల పేర్లు మారినట్టే. నీది 1822 మోడల్ అనుకుంటా. నెపోలియన్ నాటి మోడల్‌కీ మూడు కమ్మీలే ఉంటాయి, అందుకే ఆ కథ అంత తేలిగ్గా చెల్లుతుంది.

ఉంగరం_చూడలేదు:
బాధపడకు బ్రో, నేను ఇంకా ఘోరం. ఇత్తడి పిడి, పాము మెలికలాంటి అలుగు చూసి అధికారి కత్తి అని మురిసిపోయి కొన్నా. ఇంటికొచ్చాక చూస్తే పిడి దగ్గర ఇనప ఉంగరం, తుపాకీ గొట్టం దూర్చడానికి! అది 1866 షాస్‌పో తుపాకీ బాయినెట్, అంటే తుపాకీ చివర తగిలించే కత్తి. అవి లక్షల్లో చేశారు. అన్నట్టు, నీ ఒర మీదా కమ్మీల మీదా నంబర్లు ఒకటేనా?

లియోన్_లోకల్:
నూనె పనిచేసింది అన్నా! ‘ఏప్రిల్ 1862’, పక్కనే ‘మోడల్ 1822’ కనిపించాయి. వాటర్లూ అయ్యాక 47 ఏళ్లకి పుట్టిన కత్తి 😀 నంబర్లు మాత్రం కలవలేదు, ఒర వేరేదాని నుంచి తెచ్చి పెట్టినట్టుంది.

పాత_ఇనుము:
అలాంటప్పుడు 320 కాస్త ఎక్కువే. అయినా కత్తి మంచిదే, 1870లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో యుద్ధం వచ్చేనాటికి దానికి ఎనిమిదేళ్లు. తోలుకి మాత్రం నూనె తగలనివ్వకు.

లియోన్_లోకల్:
ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నా. ఆయన దగ్గర ఇంకో రెండు ఒరలు విడిగా పడున్నాయి, నంబర్ రాసుకుని పట్టుకెళ్తా.