పాత ఎస్టీమ్ తో జనవరిలో మనాలి పోవచ్చా? మంచులో ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఎట్ల ఉంటాది?

ఎస్టీమ్_తిరుపతి

అన్నలూ ఒక డౌటు, తిక్క ప్రశ్న అని తిట్టుకోవద్దండి. మా నాయన 2006 లో కొన్న మారుతి ఎస్టీమ్ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉండాది, పెట్రోల్ బండి, ఏపీ 03 నంబరు, పదహైదేళ్ళు దాటినాక ఆర్సీ కూడా రెన్యూవల్ చేయించినా. ఇంజను కుట్టుమిషను మాదిరి నడుస్తాది, నెలకోసారి కొండకి పోతాము, భాకరాపేట ఘాటు రాత్రిపూట కూడా దిగినా, కాబట్టి మలుపులంటే భయం లేదు. సమస్య ఏందంటే జనవరిలో నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, వాళ్ళావిడ నలుగురం రోడ్డు మీదనే మనాలి పోదామని అనుకొని సెలవులు కూడా పెట్టేసినాము, ఆడ మంచు పడతాదంట. నేను పుట్టి బుద్ధెరిగినాక మంచు చూసింది ఫ్రిజ్జులో, లేదంటే చెరుకురసం బండి కాడ గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ, అంతే.

ఇంతకీ అడిగేది ఏందంటే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్ మంచులో పనికొస్తాదా లేదా? మా బామ్మర్ది డిక్కీలో రెండు ఇసక మూటలు వేసుకుంటే గ్రిప్ వస్తాది అంటాడు. ఆఫీసులో ఇంకొకాయన టైర్లలో గాలి 20 పీఎస్ఐ కి దించు అంటాడు. ఎవురి మాట నమ్మాల? టైర్లు పోయినేడు మార్చినా, మామూలు 13 ఇంచీలవే. ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు.

కొర్లగుంట_షెడ్డు

తమ్ముడూ మంచు సంగతి తర్వాత, ముందు బానెట్ ఎత్తి రేడియేటర్లో ఏముందో చూడు. మన ఊర్లో పాత బండ్లకి శానా వాటికి కూలెంటే (ఇంజను వేడి తగ్గించే, చలికి గడ్డకట్టని ద్రవం) ఉండదు, ఎండాకాలంలో రేణిగుంట రోడ్డులో వేడెక్కి ఆగిపోతే సీటు కిందుండే వాటర్ బాటిల్ తీసి పోసేస్తారు, అట్ల పోసి పోసి చివరికి లోపలంతా బోరునీళ్ళే. ఈడ దానికి ఏమీ కాదు. ఆడ రాత్రి మైనస్ లోకి పోయినప్పుడు ఆ నీళ్ళు గడ్డకడతాయి, గడ్డకట్టిన నీళ్ళు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, బ్లాకు గాని రేడియేటర్ గాని దాన్ని ఓర్చుకోవు. పొద్దున్నే లేచి సెల్ఫ్ కొడితే కత అయిపోయినట్టే. మొత్తం వదిలేసి రెండుసార్లు నీళ్ళతో కడిగించి, కూలెంటు సగం డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయించు. ఆ సగం సగం మిక్స్ మైనస్ 35 దాకా గడ్డకట్టదు, మనాలికి అంత అవసరం కూడా లేదు.

ఆయిల్ ఏం వేస్తా ఉండావు? 20డబ్ల్యూ50 అయితే మార్చెయ్, చలిలో పేరిన నెయ్యి మాదిరి అయిపోతాది, 10డబ్ల్యూ40 వెయ్యి చాలు. బ్యాటరీ మూడేళ్ళు దాటి ఉంటే దాన్ని కూడా నమ్మొద్దు, సున్నా దగ్గరికి వచ్చేసరికే దాని బలం బాగా తగ్గిపోతాది, మైనస్ 18 లో అయితే సగం కూడా మిగలదు, పైగా చలికి ఇంజను తిప్పేదానికి ఇంకా ఎక్కువ కావాల. ఈడ టక్కున స్టార్ట్ అవుతా ఉందని ధైర్యం పెట్టుకోవద్దు, తిరుపతి ఎండలో చచ్చిన బ్యాటరీ కూడా లేచి కూర్చుంటాది.

వైపర్ నీళ్ళ డబ్బా మర్చిపోతారు అందరూ. దాంట్లో కూడా షాంపూ నీళ్ళు తీసేసి గడ్డకట్టని వాషర్ లిక్విడ్ పోయించు.

పీలేరు_బుల్లోడు

రైల్లో పో సామీ 😀 చండీగఢ్ దాకా పోయి ఆడ బస్సెక్కితే గమ్మున నిద్రపోవచ్చు.

జోక్ పక్కన పెడితే, రూట్ గురించి ఎవురూ చెప్పలేదు. కడప, కర్నూలు, హైదరాబాద్, నాగపూర్ మీదుగా పోతే రెండువేల ఆరొందల కిలోమీటర్లు పైనే, దాంట్లో ఎక్కువ భాగం 44 నంబరు హైవే. ఆ హైవే నేరుగా ఢిల్లీ లోకి పోతాది. ఢిల్లీ ఎన్సీఆర్ లో 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు తిరగగూడదని 2018 లోనే సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత దాంట్లో మార్పులు వస్తా ఉండాయి, బీఎస్ (బండి పొగకి పెట్టిన కాలుష్యం రూలు) ఎంత అనేదాన్ని బట్టి కూడా చూస్తా ఉండారు. నీది 2006, బీఎస్ 4 కూడా కాదు. ఈడ మన ఆర్టీఓ ఆఫీసులో రెన్యూవల్ చేసినారు కదా అని ఆడ చూపిస్తే వినరు. ఎన్సీఆర్ అంటే ఢిల్లీ ఒకటే అనుకోవద్దు, ఫరీదాబాద్, సోనిపట్, పానిపట్ అన్నీ దాంట్లోకే వస్తాయి. బయల్దేరే వారం ముందర రూల్ ఎట్ల ఉందో చూసుకొని, అవసరమైతే జైపూర్ పక్క నుంచి చుట్టేసుకొని పో, చుట్టినా ఆ పక్క ఎన్సీఆర్ జిల్లాలు ఏమన్నా తగుల్తాయేమో మ్యాప్ పెట్టుకొని చూడు. మంచు కంటే ముందు బండి సీజ్ అయితే ఇంకేం మనాలి.

మిషిగన్_బైరాగిపట్టెడ

నేను బైరాగిపట్టెడ వాడినే, ఇప్పుడు మిషిగన్ లో ఉండా, ఆరు చలికాలాలు 2005 కరోలాతోనే నెట్టుకొచ్చినా, అది కూడా ఫ్రంట్ వీల్ డ్రైవే. కాబట్టి బండి మారుస్తావా అంటే అవసరం లేదంటా. లాగే చక్రాలు ముందువి, ఇంజను బరువంతా వాటి నెత్తి మీదే ఉంటాది, అందుకే కదిలేటప్పుడు పట్టు బాగానే దొరుకుతాది. అదే పాత అంబాసిడర్ అయితే వెనక చక్రాలు లాగుతాయి, వెనక ఖాళీ, అందుకని వాళ్ళు డిక్కీలో మూటలు వేసేవాళ్ళు. మీ బామ్మర్ది చెప్పేది ఆ బండ్ల కత. ఎస్టీమ్ లో వెనక బరువేస్తే ముందు భాగం ఇంకా తేలికై కూర్చుంటాది, ఎగువ ఎక్కేటప్పుడు మామూలుగానే బరువు వెనక్కి జారతాది, దానికి తోడు రెండు మూటలు, ఇద్దరు మనుషులు, నాలుగు సూట్‌కేసులు, ఇంక ముందు చక్రాలు ఉన్నకాడే గిర్రున తిరుగుతాయి. ఇసక మాత్రం ఒక చిన్న సంచి పెట్టుకో, బరువుకి కాదు, ఇరుక్కుంటే ముందు చక్రాల కింద చల్లేదానికి. అది కూడా లేకుంటే కాళ్ళ కింద మ్యాట్లు తీసి వెయ్యొచ్చు, నేను వేసినా, ఒకటి ఎగిరి పక్కనోళ్ళ గేటు కాడ పడింది.

కానీ ఒకటి గుర్తు పెట్టుకో తమ్ముడూ. కదిలేది వేరే, ఆగేది వేరే. నా మొదటి చలికాలం, టైర్లు అరిగిపోయి ఉండాయి, డబ్బులు మిగిలిద్దామని మార్చలే. ఇంటి సందులోనే, స్పీడు గంటకి పాతిక కిలోమీటర్లు కూడా లేదు, స్టాప్ బోర్డు కాడ బ్రేకు తొక్కినా. కాలికింద ఏబీఎస్ టకటకా కొట్టుకుంటా ఉంది, బండి మాత్రం ఎవురో వెనకనుంచి మెల్లంగా తోస్తా ఉన్నట్టు పోతానే ఉంది. స్టీరింగ్ తిప్పినా, చక్రాలు తిరిగినాయి, బండి తిరగలే. అట్లనే బోర్డు దాటి, ఎదురుగా ఉండే గట్టుకి చక్రం గుద్దుకొని ఆగింది. రిమ్ము సొట్ట. ఆ నాలుగు సెకండ్లలో అలిపిరి నుంచి పైదాకా ఉండే దేవుళ్ళందరూ గుర్తొచ్చినారు.

ఫ్రంట్ వీల్ బండి అదుపు తప్పేది శానా వరకు ఇట్లనే, తిప్పినా నేరుగా పోతాది. అప్పుడు మనకి ఏమనిపిస్తాదంటే ఇంకా తిప్పాలనిపిస్తాది, అదే తప్పు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లంగా తీసి, తిప్పింది కొంచెం వెనక్కి తెచ్చి, చక్రానికి పట్టు దొరికేదాకా ఆగాల. నీకు ఏబీఎస్ లేదు కాబట్టి బ్రేకు అదిమి పట్టినావంటే చక్రాలు లాక్ అయిపోతాయి, తొక్కి వదిలి తొక్కి వదిలి చెయ్యాల. అసలు దానికంటే ముందు గ్యాపు వదులు. మన రోడ్డు మీద ముందు బండికి ఆనించి తోలే అలవాటు ఆడ పనికిరాదు.

ఈడ మేము నాలుగు టైర్లూ స్నో టైర్లు మార్చుకుంటాము, ఏడు డిగ్రీల కంటే కిందకి పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడిపోతాది. ముందు రెండే మారిస్తే వెనకది చీపురు మాదిరి ఊడ్చుకొని తిరుగుతాది, అందుకే నాలుగూ. ఒక్క ట్రిప్పు కోసం నువ్వు అవన్నీ కొనేపని లేదు, 13 ఇంచీల్లో మన దేశంలో దొరకడం కూడా కష్టమే. నీకు మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టి కట్టే చైన్లే గతి, వాటి గురించి తెలిసినోళ్ళు చెప్తే బాగుంటాది, మా ఊర్లో వాడము.

చిత్తూరు_ఫౌజీ

చైన్ల గురించి నేను చెప్తాను నాయనా. ఆర్మీలో డ్రైవర్ని, మనాలి నుంచి రోహ్‌తాంగ్ ఎక్కి లేహ్ కి కాన్వాయిలో పోయినోణ్ణి. అప్పట్లో టన్నెల్ లేదు, 3,978 మీటర్ల మీద ఆ పాస్ దాటాల్సిందే, చలికాలం వస్తే మూతపడేది. ఇప్పుడు 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వచ్చింది, 2020 అక్టోబర్లో తెరిచినారు, అందుకని జనవరిలో కూడా జనం ఎగబడతా ఉండారు.

రిటైర్ అయినాక మా పిల్లల్ని తీసుకొని పోయినప్పుడు మనాలి పైన ఉండే సోలాంగ్ లోయకి పోయే దారిలో చూసినా. ఒక తెల్ల సెడాన్, కొత్తగా పెళ్ళయిన జంట, అద్దె చైన్లు తెచ్చి చక్కగా వెనక చక్రాలకి కట్టినారు. ముందు చక్రాలు గిర్రున తిరిగి కింద మంచుని అద్దం చేసేసినాయి, వెనక చైన్లు అట్లనే నగ పెట్టినట్టు మెరుస్తా ఉండాయి. ఎందుకయ్యా వెనక కట్టినావు అంటే, లారీలకి వెనకే కదా కడతారు అన్నాడు. లారీకి లాగేది వెనక. ఏ చక్రం లాగుతాదో దానికి కట్టాల, నీ బండికి ముందు. విప్పి ముందుకి మార్చి కడితే రెండు నిమిషాల్లో కదిలింది.

ముందు కట్టినాక కూడా పండగ చేసుకోవద్దు. ముందు పట్టు ఎక్కువ, వెనక ఏమీ లేదు, దిగువలో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక భాగం ముందుకి రావాలని చూస్తాది. ముప్పై దాటొద్దు. తారు కనపడగానే విప్పెయ్యి, లేకుంటే చైనూ తెగుతాది, ఫెండరూ చీరుకుంటాది.

ఘాటు అలవాటు ఉందన్నావు, దాంట్లోనే ఒక మెలిక ఉంది. తిరుమల దిగేటప్పుడు, మొగిలి ఘాటులో దిగేటప్పుడు సెకండ్ గేర్ వేసి ఇంజనుతో ఆపుకుంటాము కదా, మంచులోనూ అదే. కానీ మనం మలుపు ముందర టక్కున గేరు దించి క్లచ్ వదిలేస్తామే, అట్ల చేస్తే నీ బండిలో ఆ కుదుపంతా ముందు చక్రాలకే పోతాది, అవే స్టీరింగ్ చక్రాలు కూడా. బ్రేకు తొక్కకుండానే జారతావు. దిగువ మొదలయ్యే ముందరే గేరు దించుకో, క్లచ్ నూలుపోగు వదిలినట్టు వదులు. కొండ దిగేదానికి 40 నిమిషాలు పట్టాల, ముందే దిగితే ఫైన్ అని మనకి రూల్ పెట్టినారే, ఆడ నీకు నువ్వే ఆ రూల్ పెట్టుకో. ఎగువలో మాత్రం మధ్యలో ఆగొద్దు, ముందు బండి పూర్తిగా ఎక్కినాకే నువ్వు మొదలుపెట్టు, సెకండ్ లోనే లాగించు.

ఇంకో సంగతి, రాత్రి హ్యాండ్ బ్రేకు వెయ్యొద్దు, తడి కేబుల్ గడ్డకట్టి పొద్దున వదలదు. గేర్లో పెట్టి చక్రాలకి రాళ్ళు పెట్టు. పొద్దున అద్దం మీద మంచు కరగాలని వేడినీళ్ళు పోసినావంటే అద్దం పగులుద్ది. దేవదారు చెట్ల నీడలో ఉండే మలుపుల్లో రోడ్డు ఊరికే తడిగా ఉన్నట్టు కనపడతాది, అది తడి కాదు, ఐసు. తెల్లమంచు కంటే అదే ప్రమాదం, ఎండ వచ్చి పదయ్యేదాకా బయటికి తీయొద్దు.

మంచు ఎక్కువ పడితే పోలీసోళ్ళు మనాలి దాటి నెహ్రూ కుండ్ కాడే ఆపేస్తారు, ఫోర్ బై ఫోర్ చైన్లున్న బండ్లనే పైకి వదులుతారు. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. బండి హోటల్ కాడ పెట్టి లోకల్ జీపులో పో.

ఎస్టీమ్_తిరుపతి

అందరికీ దండాలు. మిషిగన్ అన్నా నువ్వు చెప్పింది మా బామ్మర్దికి చదివి వినిపించినా, ఇసక మూటల గురించి ఇంక నోరెత్తలే. షెడ్డన్నా నువ్వు చెప్పినట్టే పొద్దున రేడియేటర్ ట్యాప్ విప్పినా, టీ రంగులో నీళ్ళు వచ్చినాయి, కూలెంట్ చుక్క కూడా లేదు, మా నాయన అడిగితే 'ఎప్పుడో పోయించినా' అంటాడు. బ్యాటరీ కూడా మార్చేస్తా ఉండా.

గాలి 20 కి దించాలా వద్దా, అది ఎవురూ చెప్పలేదు.

మిషిగన్_బైరాగిపట్టెడ

వద్దు. అది ఎడారి ఇసకలో తోలేటోళ్ళ పద్ధతి. చలికి గాలి దానంతట అదే దిగుతాది, ఆరేడు డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారు ఒక పీఎస్ఐ, తిరుపతి 30 డిగ్రీల నుంచి ఆడ మైనస్ 3 కి పోతే ఐదు దాకా పోతాది. ఎత్తుకి పోతే మీటరు కొంచెం ఎక్కువ చూపిస్తాది, కాబట్టి ఈడ లెక్కలు వేసుకోకుండా మనాలిలో పొద్దున బండి తీయకముందు చెక్ చేసి డోరు కాడ స్టిక్కర్ లో ఎంత ఉంటే అంత పెట్టించు.

చిత్తూరు_ఫౌజీ

చైన్లు ఆడ అద్దెకి దొరుకుతాయి కానీ 13 ఇంచీలకి సరిపోయేవి ఉంటాయో లేదో, ముందే ఆన్‌లైన్లో తెప్పించుకో. వచ్చినాక ఇంటి ముందరే నాలుగుసార్లు కట్టి విప్పి ప్రాక్టీస్ చెయ్యి, ఆడ చేతులు మొద్దుబారినాక, మీ ఆవిడ కార్లోంచి సలహాలు ఇస్తా ఉంటే నేర్చుకోలేవు.

ఎస్టీమ్_తిరుపతి

తెప్పించినా సార్. నిన్న సాయంత్రం వీధిలో కింద పరుచుకొని కడతా ఉంటే ఎదురింటి ముసలాయన వచ్చి నిలబడి శానాసేపు చూసి అడిగినాడు, 'ఏం నాయనా, గుళ్ళో ఏనుగుని ఏమన్నా మీ ఇంటికి తెస్తా ఉండారా' అని.